ప్రయాణం తర్వాత జ్వరమా? మలేరియాను మొదట్లోనే గుర్తించండి

సెలవులకు అరకు లోయ చూసి వచ్చిన కుటుంబంలో పది పన్నెండు రోజులకు ఒకరికి జ్వరం వస్తుంది. ‘ప్రయాణపు బడలిక’ అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. ‘అక్కడి నీళ్ళు పడలేదు’ అంటారు ఇరుగుపొరుగు. మందుల షాపులో నాలుగు మాత్రలు కొని మింగుతారు. జ్వరం కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. ఐదారు రోజులు ఇలా గడిచాక ఆస్పత్రికి వస్తారు. అప్పుడు రక్తం పరీక్ష చేస్తే మలేరియా అని తేలుతుంది.

ఆ ఐదారు రోజులే ఈ వ్యాసంలో మనం మాట్లాడుకోవలసిన విషయం. మలేరియాకు ఇప్పుడు మంచి మందులున్నాయి. సకాలంలో మొదలుపెడితే మూడు రోజుల మందుతో జ్వరం లొంగుతుంది. ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఆలస్యం వల్లనే. అందులోనూ ఫాల్సిపారం అనే రకం సోకితే, మామూలు జ్వరంగా కనిపించిన మనిషి ఒక రాత్రి గడిచేసరికి స్పృహ తప్పే స్థితికి చేరవచ్చు.

పాత జబ్బు, కొత్త ప్రయాణాలు

మలేరియా మనకు కొత్త కాదు. చలిజ్వరమనీ, మన్యపు జ్వరమనీ పెద్దలు పిలిచింది చాలావరకు దీన్నే. ఏజెన్సీకి బదిలీ అయిందంటే ఉద్యోగుల ఇళ్ళలో దిగులు పడే రోజులుండేవి. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. అందుకే ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. 1965 నాటికి కేసులు ఏడాదికి సుమారు లక్షకు దిగాయి. ఇక పోయినట్టే అనుకున్నారు. కాని 1976లో 64 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఆ తర్వాత దశాబ్దాల కృషి వల్ల మళ్ళీ బాగా తగ్గింది. తగ్గడం సంతోషమే. అయితే దీనివల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. పట్నాల్లో ఉన్నవాళ్ళకు ఈ జబ్బు గుర్తుకు రావడం మానేసింది. జ్వరమంటే డెంగ్యూ, టైఫాయిడ్, ఫ్లూ అని లెక్కపెడతారు తప్ప మలేరియా మాట ఎత్తరు.

ఇంతలో ప్రయాణాలు పెరిగాయి. అరకు, లంబసింగి, మారేడుమిల్లి, పాపికొండలు మనకు విహార స్థలాలయ్యాయి. పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా, దాన్ని ఆనుకుని ఒడిశాలోని కోరాపుట్, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్, ఇంకా ఈశాన్య రాష్ట్రాల కొండ ప్రాంతాలు మలేరియా నిలిచి ఉన్న చోట్లు. మరో వైపు మనవాళ్ళు ఎందరో ఉద్యోగాలకు, వ్యాపారాలకు నైజీరియా, కాంగో, టాంజానియా, మొజాంబిక్ వంటి ఆఫ్రికా దేశాలకు వెళుతున్నారు. సహారా ఎడారికి దిగువనున్న ఆ దేశాల్లో మలేరియా మన కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ సోకేది ఎక్కువగా ప్రమాదకరమైన ఫాల్సిపారమే.

వేడి దేశాలన్నీ ఒకటే అనుకోకూడదు. శ్రీలంకకు 2016లో, చైనాకు 2021లో మలేరియా లేని దేశాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు ఇచ్చింది. కనుక ఏ దేశం, ఏ జిల్లా వెళ్ళారన్నది ముఖ్యం.

పట్నం వాళ్ళకు ప్రమాదం ఎక్కువ ఎందుకు?

మలేరియా ప్రాంతంలో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళకు పదే పదే జ్వరం వచ్చి కొంత తట్టుకునే శక్తి ఏర్పడుతుంది. అక్కడి పసిపిల్లలకు, గర్భిణులకు ఆ శక్తి సరిపోదు. వాళ్ళు నేటికీ ఈ జ్వరానికి బలవుతున్నారు. పట్నం నుంచి వెళ్ళిన మనకు అసలు ఆ శక్తే ఉండదు. మీకు దారి చూపించిన గైడు రెండు రోజులు పడుకుని లేచే జ్వరం, మీ ఇంట్లో పదేళ్ళ పిల్లవాణ్ణి ఆస్పత్రి పాలు చేయవచ్చు.

ఈ శక్తి శాశ్వతం కూడా కాదు. కొన్నేళ్ళు దూరంగా ఉంటే తగ్గిపోతుంది. అందుచేత ‘నేను ఆ ఊళ్ళోనే పుట్టాను, నాకేం కాదు’ అనే ధీమా వద్దు.

రోజుల లెక్క తెలుసుకోండి

మలేరియాను మొదట్లోనే పట్టుకోవడానికి థర్మామీటరు ఎంత అవసరమో క్యాలెండరు కూడా అంతే అవసరం.

ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు మలేరియా క్రిములు రక్తంలోకి ప్రవేశించి, అరగంట గంటలోపే కాలేయం చేరుకుంటాయి. అక్కడ చడీచప్పుడు లేకుండా వేల సంఖ్యలో పెరుగుతాయి. ఈ రోజుల్లో మనిషికి ఏ బాధా ఉండదు. రక్తపరీక్షలోనూ ఏమీ కనిపించదు. తర్వాత అవి కాలేయం నుంచి బయటపడి ఎర్ర రక్తకణాల్లో దూరతాయి. కణాలు పగిలి కొత్త క్రిములు బయటికి వచ్చేటప్పుడు జ్వరం వస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. సంక్రాంతి సెలవుల్లో మీరు జనవరి 13న ఏజెన్సీకి చేరారు, ఆ రాత్రే దోమ కుట్టిందనుకుందాం. 16వ తేదీన జ్వరం వస్తే అది ఆ కాటు వల్ల వచ్చిన మలేరియా కాదు. మరో కారణం వెతకాలి. ఫాల్సిపారం అయితే సాధారణంగా 7 నుంచి 14 రోజుల్లో, అంటే జనవరి 20 నుంచి 27 మధ్య బయటపడుతుంది. వైవాక్స్ రకం అయితే 12 నుంచి 18 రోజులు, అంటే నెలాఖరుకు. అప్పటికి మీరు ఇంటికి వచ్చి, ఫొటోలు అందరికీ చూపించి, ప్రయాణం సంగతే మరచిపోయి ఉంటారు. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

కొందరిలో ఇంకా ఆలస్యం కావచ్చు. ఫాల్సిపారం చాలావరకు తిరిగి వచ్చిన మూడు నెలల్లోపు బయటపడుతుంది. వైవాక్స్ క్రిములు కొన్ని కాలేయంలో నిద్రపోతున్నట్టు ఉండిపోయి నెలల తర్వాత, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటాక కూడా మేల్కొంటాయి. అందుచేత ఈ సూత్రం గుర్తుంచుకోండి: మలేరియా ప్రాంతంలో కాలు పెట్టిన వారం రోజుల తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా, తిరిగి వచ్చాక మూడు నెలల దాకా, పరీక్షలో కాదని తేలేవరకు మలేరియాగానే అనుమానించాలి. ఆ తర్వాత కూడా ఏడాది పాటు ఏ జ్వరానికైనా ఆ ప్రయాణం గురించి డాక్టరుకు చెప్పాలి.

మొదటి లక్షణాలు పుస్తకంలో రాసినట్టు ఉండవు

మలేరియా అనగానే చాలామందికి తెలిసిన వరుస ఇది: ముందు గజగజ వణికించే చలి, రెండు దుప్పట్లు కప్పినా ఆగదు. తర్వాత ఒళ్ళు కాలిపోయే జ్వరం, తలపోటు. చివరికి పక్క తడిసిపోయేటంత చెమట, జ్వరం దిగడం, నీరసంతో నిద్ర. దినం విడిచి దినం ఇదే తంతు. ఈ వరుస నిజమే. కాని ఇలా క్రమంగా రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఫాల్సిపారంలో అసలు ఈ క్రమమే కుదరకపోవచ్చు. జ్వరం రోజూ ఉండవచ్చు, వేళాపాళా లేకుండా రావచ్చు.

మొదటి ఒకటి రెండు రోజుల్లో కనిపించేవి ఇవి:

– ఏ పనీ చేయబుద్ధి కాని అలసట, ఒళ్ళు బరువు
– తలనొప్పి, నడుము నొప్పి, కీళ్ళూ కండరాలూ పీకడం
– అన్నం సయించకపోవడం, కడుపులో తిప్పడం, వాంతి
– కొద్దిపాటి చలి, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడడం
– పిల్లల్లో పాలు తాగకపోవడం, ఊరికే ఏడవడం లేక మగతగా ఉండడం, విరేచనాలు, దగ్గు

చూశారా, వీటిలో ఒక్కటీ మలేరియాకే ప్రత్యేకం కాదు. అందుకే పెద్దవాళ్ళలో ఫ్లూ అనీ, పిల్లల్లో అజీర్ణమనీ పొరబడతారు. కళ్ళు కాస్త పచ్చబడితే పసరికలంటూ ఆకు పసరుకు పరుగెత్తేవారున్నారు. విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అని తేల్చుకునేవారూ ఉన్నారు. మలేరియా ఉన్నప్పుడు విడాల్ పరీక్ష ఒక్కొక్కసారి తప్పుగా టైఫాయిడ్ ఉన్నట్టు చూపిస్తుంది. కనుక ఆ కాగితం చేతికి వచ్చిందని మలేరియా పరీక్ష మానకూడదు.

లక్షణాలు చూసి మలేరియా అవునో కాదో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. చెప్పగలిగేది రక్తపు చుక్క ఒక్కటే.

రక్తపరీక్ష ఎప్పుడు? ఎలా?

జ్వరం వచ్చిన రోజే చేయించాలి. ‘వణుకు వచ్చినప్పుడు రక్తం తీస్తేనే క్రిమి కనిపిస్తుంది’ అని కాచుకుని కూర్చునేవారున్నారు. ఆ అవసరం లేదు. పరగడుపున ఉండనక్కరలేదు. రాత్రి అయినా, పగలు అయినా ఫరవాలేదు.

పరీక్ష రెండు విధాలు. వేలి కొసన సూదితో గుచ్చి తీసిన రక్తాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూడడం మొదటిది. క్రిమి ఉందా, ఏ రకం, ఎంత ఎక్కువగా ఉంది అన్నీ దీనిలో తెలుస్తాయి. చిన్న కిట్ మీద రక్తపు చుక్క వేసి పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం చూసేది రెండోది. మైక్రోస్కోపు లేని చోట ఇది చాలా ఉపయోగపడుతుంది. ఏజెన్సీ గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి కూడా ఈ కిట్లు వచ్చాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ప్రభుత్వ ఆస్పత్రుల్లో మలేరియా పరీక్షకూ, మందుకూ పైసా ఇవ్వనక్కరలేదు.

ముఖ్యమైన సంగతి: మొదటి పరీక్షలో ‘లేదు’ అని వస్తే నిశ్చింతగా ఉండిపోవద్దు. మొదట్లో క్రిములు తక్కువగా ఉండి కంటికి చిక్కకపోవచ్చు. జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల తర్వాత మళ్ళీ, అవసరమైతే మూడోసారి చేయించాలి.

పరీక్షకు ముందు ఇంట్లో మిగిలిన క్లోరోక్విన్ మాత్రలు ఒకటి రెండు వేసుకోవద్దు. అరకొర మందు వల్ల క్రిములు తగ్గి పరీక్షకు దొరకవు, జబ్బు మాత్రం లోపల ఉండిపోతుంది. జ్వరం తగ్గడానికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. తడిగుడ్డతో ఒళ్ళు తుడవవచ్చు. ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వద్దు, ఎందుకంటే ఆ జ్వరం డెంగ్యూ అయితే అవి రక్తస్రావానికి దారి తీస్తాయి.

డాక్టరుకు ఇవ్వవలసిన చీటీ

ఓపీలో వంద మంది ఉన్నప్పుడు డాక్టరు ప్రతి ఒక్కరినీ ప్రయాణాల గురించి అడగకపోవచ్చు. మీరే చెప్పాలి. జ్వరంతో ఉన్నప్పుడు గుర్తుండదు కనుక ఒక చీటీ మీద ఈ నాలుగూ రాసి తీసుకువెళ్ళండి:

1. ఏ ఊరు, ఏ దేశం వెళ్ళారు. రాత్రులు ఎక్కడ పడుకున్నారు
2. ఏ తేదీన వెళ్ళారు, ఏ తేదీన తిరిగి వచ్చారు
3. జ్వరం ఏ రోజు మొదలైంది
4. ఇంతవరకు ఏ మందులు వాడారు

గర్భం ఉంటే ఆ సంగతి మొదటే చెప్పాలి. గర్భిణులకు మలేరియా తీవ్రంగా వస్తుంది, కొన్ని మందులు వాళ్ళకు పనికిరావు. ఈ చీటీ ఉంటే డాక్టరుకు సగం దారి తెలిసినట్టే.

ఈ సూచనలు కనిపిస్తే క్షణం ఆగవద్దు

ఫాల్సిపారం సోకిన ఎర్ర కణాలు సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుపోతాయి. మెదడులో, మూత్రపిండాల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం సరిగా పారదు. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా, అర్ధరాత్రి అయినా, పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి:

– మగత, పిలిస్తే సరిగా పలకకపోవడం, సంబంధం లేని మాటలు
– ఫిట్స్
– లేచి కూర్చోలేనంత నీరసం
– ఆగని వాంతులు, మాత్ర కడుపులో నిలవకపోవడం
– ఆయాసం
– కళ్ళు పచ్చబడడం లేక బాగా పాలిపోవడం
– మూత్రం తగ్గిపోవడం, కాఫీ డికాక్షన్ రంగులో రావడం
– చిగుళ్ళు, ముక్కు నుంచి రక్తం

జ్వరంలో తిక్కగా మాట్లాడే మనిషిని చూసి గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. ఆ గంటలే మెదడుకు ఎక్కిన మలేరియాలో మనిషిని దక్కించుకోవలసిన గంటలు. ఇటువంటి వారికి నరంలోకి ఇచ్చే ఆర్టిసునేట్ సూదిమందు ప్రాణం పోస్తుంది.

మందు సగంలో ఆపకండి

వైవాక్స్‌కు మన దేశంలో క్లోరోక్విన్ మూడు రోజులు ఇస్తారు. కాలేయంలో దాగిన క్రిములను చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. నాలుగో రోజుకు జ్వరం పోగానే ఈ రెండో మందు మానేసేవారే ఎక్కువ. రెండు మూడు నెలల తర్వాత జ్వరం తిరగబెడితే మళ్ళీ దోమను తిట్టుకుంటారు.

ప్రైమాక్విన్ గర్భిణులకు, పసికందులకు ఇవ్వకూడదు. జి-6-పి.డి. అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవారిలో ఇది రక్తకణాలను పగులగొడుతుంది. ఈ మందు వాడుతుండగా మూత్రం నల్లగా మారితే వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు రావాలి. ఫాల్సిపారానికి క్లోరోక్విన్ పనిచేయదు. ఆర్టిమిసినిన్ రకపు మందును మరో మందుతో కలిపి మూడు రోజులు ఇస్తారు. ఏ రకమో తెలియకుండా షాపులో మందు కొనకూడదని చెప్పేది ఇందుకే.

వెళ్ళే ముందు

అనాఫిలిస్ దోమ మునిమాపు నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. పెద్దగా రొద చేయదు, కుట్టినట్టు కూడా తెలియకపోవచ్చు. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, పాదాల దాకా ప్యాంటు వేసుకోండి. ఒంటికి రాసుకునే దోమల మందు వాడండి. రాత్రి దోమతెర, వీలైతే మందు పట్టించినది, పరుపు కిందికి మడిచి కట్టుకోండి. కొండ వాగుల దగ్గర గుడారాల్లో క్యాంప్ ఫైర్ వేసుకుని అర్ధరాత్రి దాకా ఆరుబయట కూర్చునే యువకులు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఆఫ్రికా వంటి చోట్లకు వెళ్ళేవారు ముందుగానే, కనీసం మూడు నాలుగు వారాల ముందు, డాక్టరును కలిసి నివారణ మాత్రల గురించి అడగాలి. డాక్సీసైక్లిన్ అయితే బయలుదేరే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ, మెఫ్లోక్విన్ అయితే రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టి వారానికోసారి వేసుకోవాలి. రెండూ తిరిగి వచ్చాక మరో నాలుగు వారాలు వాడాలి. డాక్సీసైక్లిన్ గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు పనికిరాదు. మెఫ్లోక్విన్ మూర్ఛ, మానసిక వ్యాధులు ఉన్నవారికి కూడదు. ఏ మాత్రా నూటికి నూరుపాళ్ళు కాపాడదు. మాత్రలు వేసుకున్నా జ్వరం వస్తే పరీక్ష చేయించవలసిందే.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: మేము అరకులో ఒక్క రాత్రే ఉన్నాం. దానికే మలేరియా వస్తుందా?

జవాబు: క్రిమి ఉన్న దోమ ఒక్కసారి కుడితే చాలు. ఒక్క రాత్రికి అవకాశం తక్కువే కాని లేదని చెప్పలేం. జ్వరం రాకపోతే భయపడనక్కరలేదు, పరీక్షలూ అక్కరలేదు. వస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: ఇంట్లో మలేరియా రోగి ఉంటే పిల్లలను దూరంగా ఉంచాలా?

జవాబు: అవసరం లేదు. ముట్టుకుంటే, కలిసి తింటే ఇది అంటదు. అయితే రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ కొన్నాళ్ళ తర్వాత మరొకరికి అంటించగలదు. పట్నాల్లో మూతలేని నీళ్ళ ట్యాంకుల్లో పెరిగే రకం కూడా ఉంది. కనుక రోగిని దోమతెరలో పడుకోబెట్టండి, ట్యాంకుకు మూత వేయించండి.

ప్రశ్న: నేలవేము కషాయం తాగితే సరిపోదా?

జవాబు: చెట్ల నుంచి మందులు రావని నేననను. కొయినా సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చింది. చైనాలో ఒక మొక్క నుంచి ఆర్టిమిసినిన్‌ను కనిపెట్టినందుకు తు యుయు గారికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. కాని ఆ మొక్కల నుంచి మందును వేరుచేసి, మోతాదు నిర్ణయించి ఇస్తేనే క్రిములన్నీ చస్తాయి. కషాయాన్ని నమ్ముకుని పరీక్ష వాయిదా వేయకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి పిల్లలతో వేసవి సెలవులకు వస్తోంది. ఏం జాగ్రత్త చెప్పాలి?

జవాబు: రాత్రిపూట దోమతెర తప్పనిసరి చేయండి. ఆ పిల్లలకు మలేరియాను తట్టుకునే శక్తి బొత్తిగా ఉండదు. ఏజెన్సీ వైపు వెళ్ళే ఆలోచన ఉంటే, బయలుదేరే ముందే అక్కడి డాక్టరుతో నివారణ మాత్రల గురించి మాట్లాడమనండి. తిరిగి వెళ్ళాక ఎవరికైనా జ్వరం వస్తే, ‘మేము ఇండియా వెళ్ళి వచ్చాం, మలేరియా పరీక్ష చేయండి’ అని డాక్టరు అడగకముందే చెప్పమనండి. అక్కడి డాక్టరు ఏడాదికి ఒక్క మలేరియా కేసు కూడా చూడకపోవచ్చు. ఆ ఒక్క మాటతో ఆయన సరైన పరీక్ష ఆ రోజే చేయిస్తాడు.